ట్రైనర్ పని ఏది, మన పని ఏది: నాలుగేళ్ల వాడకం తర్వాత

వారానికి మూడు సెషన్ల లెక్కన నాలుగేళ్లు పర్సనల్ ట్రైనర్‌తో చేశాక ఇది రాస్తున్నాను. వ్యాయామంలో బాధ్యత ఎవరిదని అడిగితే చాలామంది "చెరి సగం" అనేస్తారు. బార్‌కి ఎక్కించిన ప్లేట్లు జారకుండా క్లిప్పు పెట్టడంలో సగం అంటూ ఉండదు, ఎవరో ఒకరు పెట్టాలి. ట్రైనర్ పెట్టాడని క్లయింట్, క్లయింట్ పెట్టుకున్నాడని ట్రైనర్ అనుకున్న సెట్‌లోనే ప్లేటు జారుతుంది. కాబట్టి ఒక్కో పని ఒక్కరి పేరున ఉండాలి, రెండోవాళ్లు దాన్ని సరిచూడాలి. ఈ పద్ధతి ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తేలిపోయిందో చెబుతాను.

ఆరోగ్యం సంగతి పూర్తిగా క్లయింట్ పేరునే. వ్యాయామం మొదలుపెట్టే ముందు నింపే పార్-క్యూ ప్లస్ అనే ఆరోగ్య ఫారం మొదటి పేజీలో 7 ప్రశ్నలుంటాయి: గుండె జబ్బు లేదా బీపీ, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఇతర దీర్ఘకాలిక జబ్బులు, వాడే మందులు, ఎముకలూ కీళ్ల ఇబ్బందులు, డాక్టర్ పర్యవేక్షణలోనే చేయమన్నారా అని. అన్నింటికీ "లేదు" అని గీసేసి సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. మందుల ప్రశ్న దగ్గర దాచిపెడితే ట్రైనర్ లెక్కలన్నీ తలకిందులవుతాయి. బీపీకి బీటా బ్లాకర్ వాడేవారి గుండె వేగం వ్యాయామంలోనూ పెద్దగా పెరగదు. 220లోంచి వయసు తీసేసి గరిష్ఠ గుండె వేగం అంచనా వేసి, దాని మీద టార్గెట్ పెట్టడం వాళ్ల విషయంలో అర్థం లేని పని, మాట్లాడుతూ చేయగలుగుతున్నారా లేదా అన్నదే మెరుగైన కొలత. ఇన్సులిన్ వాడేవారికి సెషన్ మధ్యలోనూ, ముగిశాక గంటల తర్వాతా షుగర్ పడిపోవచ్చు. గ్లూకోజ్ ఏ జేబులో ఉందో ట్రైనర్‌కి తెలిసి ఉండాలి. ఫారం ఒక్కసారి నింపితే సరిపోదు, మందు మారిన రోజున మళ్లీ చెప్పాలి. ట్రైనర్ వైపు హద్దు కూడా అంతే స్పష్టం: మోకాలి నొప్పికి పేరు పెట్టడం, మాత్ర చెప్పడం ఆయన పని కాదు.

బరువు ఎంత అన్న నిర్ణయం ట్రైనర్‌ది. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం మాత్రం క్లయింట్ ఒంట్లోనే ఉంటుంది. సెట్ అయ్యాక "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఇంకా ఎన్ని రెప్స్ (అదే కదలికను ఇంకెన్నిసార్లు) చేయగలిగేవారో అంకె చెప్పాలి. రెండు మిగిలితే 10లో 8 శ్రమ, ఒకటి మిగిలితే 9. ఇక్కడో చిన్న చిక్కు: శ్రమను అంకెల్లో చెప్పే బోర్గ్ పాత స్కేలు 6 నుంచి 20 దాకా ఉంటుంది, కొత్తవి 10తో ఆగుతాయి. ట్రైనర్ ఒకటి, క్లయింట్ ఇంకొకటి మనసులో పెట్టుకుంటే "9" అన్న మాటకు అర్థం పూర్తిగా మారిపోతుంది. మొదటి నెలల్లో ఈ అంచనా తప్పుతూనే ఉంటుంది. అప్పుడప్పుడూ లెగ్ ప్రెస్ లాంటి ఆపులున్న మెషీన్ మీద ఆఖరి సెట్‌లో ముందుగా అంకె చెప్పి, నిజంగా ఆగిపోయేదాకా చేసి చూస్తే తేడా ఎంతో తేలుతుంది. బరువు పెంచడానికి నాకు బాగా కుదిరిన సూత్రం రెండుకి రెండు: ఆఖరి సెట్‌లో లక్ష్యం కన్నా 2 రెప్స్ ఎక్కువగా, వరసగా 2 సెషన్లలో చేయగలిగితేనే పెంచాలి. పై శరీరానికి ఒకటి నుంచి రెండున్నర కిలోలు చాలు.

అసలు పరీక్ష స్పాటింగ్ దగ్గరే, అంటే బరువు లేవకపోతే పట్టుకోవడానికి పక్కనే నిలబడటం దగ్గర. బెంచ్ ప్రెస్‌లో బార్ ర్యాక్ మీంచి తీసేటప్పుడు ఎవరి లెక్కకు లేపాలో ముందే మాట్లాడుకోవాలి. ట్రైనర్ "మూడు" మీద లేపుతుంటే క్లయింట్ "మూడు" అయ్యాక లేపితే భుజం ఆ కుదుపును మోస్తుంది. మాటలు పొట్టిగా ఉండాలి. క్లయింట్ "నాదే" అంటే బార్ పూర్తిగా నా చేతుల్లోకి వచ్చింది, వదిలేయ్ అని. "పట్టు" అంటే ఇక తీసుకో అని. ఈ రెండూ చాలు. "పట్టు" అనకముందే, బార్ ఆగకముందే వేళ్లు పెట్టే ట్రైనర్ మంచితనంతోనే పెడతాడు గానీ, ఆ రెప్ లెక్కలోకి రాదు. నోట్‌బుక్‌లో 8 అని రాసి, వచ్చే వారం 8కి తగ్గ బరువు ఎక్కిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. క్లయింట్ వైపు తప్పు దీనికి సరిగ్గా ఉల్టా: "పట్టు" అనగానే చేతులు వదిలేయడం. బార్ ర్యాక్‌లో కూర్చునేదాకా దాని బరువు మోసే పని ఇద్దరిదీ. ఇద్దరికీ కలిపి ఉన్న పని నాకు కనిపించింది ఇదొక్కటే.

డంబెల్ ప్రెస్‌లో మోచేతుల కింద చేతులు పెట్టే ట్రైనర్లు ఇంకా ఉన్నారు. మోచేయి మడతపడితే డంబెల్ నేరుగా ముఖం మీదికి వస్తుంది, పట్టుకోవాల్సింది మణికట్టు దగ్గర. బార్ పడితే ఆపే సేఫ్టీ పిన్లు స్క్వాట్‌కి, పూర్తిగా కిందికి దిగినప్పుడు బార్ ఉండే ఎత్తుకి కాస్త కింద ఉండాలి. బెంచ్‌లో అయితే నడుం విల్లులా ఉన్నప్పుడు బార్ ఛాతీని తాకాలి, విల్లు దించేస్తే పిన్ల మీద ఆగాలి. పిన్ల ఎత్తు ట్రైనర్ పెడతాడు, ఖాళీ బార్‌తో ఒక రెప్ చేసి క్లయింట్ సరిచూస్తాడు. నేల మీంచి బార్ లేపే డెడ్‌లిఫ్ట్‌కీ, ఒక్క ఊపులో భుజాల దాకా తెచ్చే క్లీన్‌కీ స్పాటింగ్ లేదు, పక్కకు తప్పుకోవడమే ట్రైనర్ పని.

ప్లేట్ల లెక్క ఎక్కించినవాళ్లు కాకుండా రెండోవాళ్లు పైకి చదవాలి. బార్లలో 20 కిలోలవీ 15 కిలోలవీ ఉంటాయి, దూరం నుంచి తేడా తెలియదు. దించేటప్పుడు ఒకవైపంతా ఖాళీ చేస్తే ర్యాక్ మీది బార్ ఎగిరి తిరగబడుతుంది. అటో ప్లేటు ఇటో ప్లేటు తీయాలి.

సెట్ ఆపే హక్కు ఇద్దరికీ ఉంటుంది గానీ, క్లయింట్ "ఆపు" అంటే దాని మీద చర్చ ఉండకూడదు. నడుం వంగిందో లేదో ట్రైనర్‌కి కనిపిస్తుంది, లోపల ఏం జరుగుతోందో కనిపించదు. కండరంలో రెండువైపులా సమానంగా మంట, సెట్ ఆగగానే తగ్గిపోతే ఫర్వాలేదు. కీలులో పొడిచినట్టున్నా, ఒకవైపే ఉన్నా, తిమ్మిరి కిందికి పాకినా అక్కడితో ఆ వ్యాయామం సరి. ఛాతీలో బరువు, చేతికీ దవడకీ పాకే నొప్పి, చల్లటి చెమట అయితే సెషన్ అక్కడే ముగిసింది, అత్యవసర సహాయం పిలవాలి. ఇవన్నీ తెలిసీ చెప్పకపోవడానికి కారణం ఒక్కటే, మొహమాటం. "ఇంకో రెండే" అని ట్రైనర్ ఉత్సాహంగా అరుస్తుంటే మోకాలు పట్టేసిందని చెప్పడానికి నోరు రాదు. అందుకే మాటకు బదులు సైగ పెట్టుకోవడం నాకు నచ్చింది: తల అడ్డంగా ఊపితే ఆపినట్టే.

విరామం తర్వాత మొదటి సెషన్ మాత్రం పూర్తిగా ట్రైనర్ లెక్కే. క్లయింట్‌కి పాత బరువులు గుర్తుంటాయి, కండరాలు ఆ పనికి సిద్ధంగా ఉండవు. ఆ రోజు సగం సెట్లే చేయించాలి, బరువు నెమ్మదిగా దించే రెప్స్ అసలు వద్దు. 24 నుంచి 72 గంటలు ఒళ్లు నొప్పులు మామూలే. విపరీతమైన నొప్పి, వాపుతో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే కండరం విచ్ఛిన్నమై కిడ్నీల మీద భారం పడుతోందని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ సంగతి ముందుగా చెప్పి ఉంచడం ట్రైనర్ బాధ్యత, చూసుకోవడం క్లయింట్ బాధ్యత. జిమ్‌లో చేరేటప్పుడు పెట్టే సంతకం ఇందులో దేన్నీ చేసిపెట్టదు.

ఈ పద్ధతి తేలిపోయే సందర్భాలు రెండు. ఒకే గంటలో ఇద్దరు ముగ్గురు క్లయింట్లను చూసే ట్రైనర్ దగ్గర స్పాటింగ్ మీద నమ్మకం పెట్టుకోలేం. అక్కడ పిన్లున్న ర్యాక్, మెషీన్లే మేలు. రెండోది, ట్రైనర్ సెలవు పెట్టి ఇంకొకరు వచ్చిన రోజు. నోట్‌బుక్‌లో బరువు, సెట్లు, రెప్స్, మిగిలిన రెప్స్, పిన్ల ఎత్తు, పాత గాయాలు రాసి ఉంటే ఆ రోజు గట్టెక్కుతుంది. ఆ పుస్తకం జిమ్ డెస్కులో కాకుండా క్లయింట్ సంచిలోనే ఉండాలి.