జైపూర్ కాలుతో వరి పొలంలో: వాడుతున్న మనిషి మాట

నేను వరి రైతును. దమ్ము చేస్తుండగా ట్రాక్టరు ఇనుప చక్రాల కింద పడి కుడి కాలు మోకాలి దిగువన పోయింది. అప్పటి నుంచి జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు మీదే నడుస్తున్నాను. దీని గురించి రాయాలని ఇంత పట్టుదల రావడానికి కారణం మా పెద్దబావగారు. ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. నా ఆసుపత్రి ఖర్చులో సగానికి పైగా భరించిన మనిషి, ఆ రుణం నేను మరిచిపోను. మా మండలంలో ఉచితంగా కాళ్ళు అమర్చే శిబిరం పెడుతున్నారని, వచ్చే పనివాళ్ళ బసకు, భోజనాలకు చందా ఇమ్మని ఆయన దగ్గరకు వెళ్ళాను. ఇవ్వనన్నారు. "ఊరికే వచ్చిన వస్తువును ఎవరూ జాగ్రత్తగా చూసుకోరు. ఈ కాళ్ళన్నీ ఏడాది తిరిగేసరికి అటక ఎక్కుతాయి. నీకు చేశానంటే నువ్వు నా బావమరిదివి. ఊళ్ళో అందరికీ పంచుకుంటూ పోతే ఆ గుంట నిండేది కాదు" అన్నారు.

ఆయన మాట తప్పని నా నమ్మకం. ఎందుకు తప్పో చెప్పాలంటే ముందు ఈ కాలు ఎలా పుట్టిందో చెప్పాలి.

1968 ప్రాంతంలో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల వైద్యుడు పి.కె. సేఠీ, పెద్దగా బడికి వెళ్ళని శిల్పకారుడు రామచంద్ర శర్మ కలిసి దీన్ని రూపొందించారు. అంతకుముందు మన దేశంలో అమర్చిన కృత్రిమ కాళ్ళు విదేశీ నమూనావి. బూటు తొడుక్కుని, కుర్చీలో కూర్చుని బతికే మనుషుల కోసం చేసినవి. పాదం బిగుసుకుపోయి ఉండేది. గొంతుక్కూర్చోవడానికి, బాసింపట్టు వేయడానికి, చెప్పులు లేకుండా నడవడానికి వీలు కాదు. పల్లెటూరి వాళ్ళు ఆ కాళ్ళను పక్కన పెట్టేసి మళ్ళీ చంక కర్రలే పట్టుకునేవారు. అంటే అటక ఎక్కిన కాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నాయి. వాటిని చూసి, వీళ్ళకు చేయడం దండగ అని ఆ ఇద్దరూ అనుకోలేదు. లోపం మనుషుల్లో కాదు, కాలులో ఉందని గ్రహించి కాలునే మార్చారు. సేఠీకి 1981లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ పాదాన్ని తయారు చేసే విద్యకు పేటెంటు తీసుకోలేదు కనుక ఎవరైనా నేర్చుకుని చేసుకోవచ్చు. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి ఈ కాళ్ళను ఉచితంగా అమర్చడం మొదలుపెట్టి దేశమంతటికీ, మందుపాతరల వల్ల కాళ్ళు పోగొట్టుకున్న వాళ్ళున్న అఫ్గానిస్తాన్ లాంటి చోట్లకూ తీసుకువెళ్ళింది.

ఇక వస్తువు సంగతి. పాదం లోపల మడమ దగ్గరా వేళ్ళ వైపూ మెత్తని రబ్బరు దిమ్మలు, చీలమండ దగ్గర చెక్క ఉంటాయి. వాటన్నిటి మీదా ఒంటి రంగు రబ్బరు చుట్టి, అచ్చులో పెట్టి వేడి మీద ఉడికిస్తారు. చూడటానికి పాదంలాగే ఉంటుంది, వేళ్ళు కూడా విడివిడిగా కనిపిస్తాయి. పిక్క భాగం హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టం. అవును, పొలాలకు నీళ్ళు పారించే గొట్టం లాంటిదే. తెగిన కాలులో మిగిలిన భాగానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీలు చుట్టి కొలత తీశారు. ఆ కొలతతో అచ్చు పోసి, గొట్టాన్ని పొయ్యిలో మెత్తబరిచి దాని మీదకు లాగారు. అంచులు అరగదీసి, పాదం బిగించి, మోకాలి పైన పట్టీ కట్టారు. నాకు కాలు అమర్చిన కుర్రవాడు నన్ను నడిపించి చూసి, ఎత్తు ఒక వేలి మందం ఎక్కువైందని విప్పి సరిచేశాడు. పైసా తీసుకోలేదు. కంపెనీలు అమ్మే కాళ్ళ ధర అడిగితే లక్షల్లో చెప్పారు. నా దగ్గర ఆ డబ్బు లేదు, ఉన్నా వాటితో పొలంలోకి దిగే ధైర్యం చేయలేను.

వాడకంలో దీనికి మించింది నేను చూడలేదు. చీలమండ అన్ని వైపులా కాస్త కాస్త వంగుతుంది కనుక పొలం గట్టు ఎగుడుదిగుడుగా ఉన్నా పాదం దానికి తగినట్టు ఒదుగుతుంది. చెప్పు అక్కర్లేదు. గుడిలోకి ఒట్టి పాదాలతోనే వెళ్తాను. పెళ్ళిలో పంక్తి భోజనానికి కింద కూర్చుంటాను. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది, చెప్పడానికి సిగ్గుపడను: దొడ్డికి ఒంటరిగా వెళ్ళగలుగుతున్నాను. కాలు పోయిన తొలి నెలల్లో నన్ను పట్టుకుని తీసుకువెళ్ళే పని నా భార్యది. నా వల్ల ఆమెకు కూలి పనులు కూడా పోయాయి. ఈ కాలు వచ్చాక ఆమె మళ్ళీ పనికి వెళ్తోంది. మా ఇంట్లో ఉచితంగా వచ్చింది ఒక కాలే గాని, దానితో తిరిగి నిలబడింది ఇద్దరం.

లోపాలు లేవని చెప్పను. ఎండాకాలంలో గొట్టంలో కాలు ఉడికిపోతుంది, ప్లాస్టిక్‌కు గాలి ఆడదు. నూలు మేజోడు రోజుకు రెండుసార్లయినా మార్చాలి. రాత్రి విప్పగానే కాలు కడిగి, ఎక్కడైనా ఎర్రబడిందేమో అద్దం పెట్టి చూసుకోవాలి. మధుమేహం ఉన్నవాళ్ళు ఇది ఒక్క రోజు కూడా మానకూడదు. లోతు దమ్ములో దిగితే బురద పాదాన్ని పట్టేస్తుంది, లాగితే పట్టీ మీద బలం పడుతుంది. అందుకే నాట్ల రోజుల్లో గట్టు మీద ఉండే పనులే చేస్తాను. మోకాలి పైన కాలు పోయిన వాళ్ళ అనుభవం వేరుగా ఉంటుంది, వాళ్ళకు మోకీలు కూడా కావాలి. దాని గురించి వాళ్ళే చెప్పాలి.

అసలు కష్టం వదులు కావడం. కాలు తీసేశాక మిగిలిన భాగం కాలం గడిచే కొద్దీ సన్నబడుతుంది. మొదట ఇంకో మేజోడు వేసుకుంటే సరిపోతుంది. ఆ తర్వాత గొట్టాన్ని కొత్తగా చేయించుకోవాల్సిందే. బావగారు నాకు చూపించిన సాక్ష్యం ఇక్కడిదే. పక్క ఊళ్ళో ఒకావిడ ఇంట్లో, అటక మీద, గుడ్డలో చుట్టి పెట్టిన కాలు. "చూశావా?" అన్నారు. నేను వెళ్ళి ఆవిడతో మాట్లాడాను. ఏడాదిన్నర వాడిందట. వదులై, రాసుకుని పుండు పడిందట. ఏదో శిబిరంలో ఇచ్చారు, ఎవరిని అడగాలో ఆవిడకు తెలియదు. పారేయలేదు, గుడ్డ చుట్టి దాచుకుంది. జాగ్రత్త లేని మనిషి చేసే పనేనా అది?

బావగారికీ నాకూ అసలు భేదం ఇక్కడే. ఆ అటకను ఆయన సాయం పనికిరాదనడానికి రుజువుగా చూస్తారు. నాకు అది సాయాన్ని సగంలో ఆపేసిన వాళ్ళ మీద ఫిర్యాదుగా కనిపిస్తుంది. ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయే శిబిరాల మీద ఆయనకున్న కోపం న్యాయమైనదే. ఆ కోపంతో తేల్చుకోవాల్సింది మళ్ళీ వచ్చి చూసే ఏర్పాటు గురించి. కాలే ఇవ్వవద్దనడం ఆ కోపానికి జవాబు కాదు.

ప్రభుత్వం పింఛను ఇస్తోంది కదా అని కూడా అన్నారు. నిజమే, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. దానితో ఇంట్లో బియ్యం, మందులు వస్తున్నాయి. అది లేకపోతే మేము నిలిచేవాళ్ళం కాదు. కానీ తెల్లవారుజామున నీళ్ళు మళ్ళించడానికి చేను దాకా వెళ్ళాలంటే కావలసింది కాలు. "నువ్వు నా బావమరిదివి కనుక చేశాను" అన్న మాట ఇంకా నా మనసులో మెదులుతోంది. ఎరువుల దుకాణం ఉన్న బావ లేనివాడి సంగతి ఏమిటని అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. మాట మార్చారు. చందా ఇప్పటికీ ఇవ్వలేదు, నేను అడగడం మానలేదు.

శిబిరం నిర్వాహకులతో మాట్లాడి, ఆరు నెలలకు ఒకసారి ఒక మనిషి వచ్చి వదులైన కాళ్ళు చూడాలని అడిగాం. ఒప్పుకున్నారు. ఆ పక్క ఊరి ఆవిడ పేరే జాబితాలో మొదట రాయించాను. మీలో ఎవరైనా ఈ కాలు పెట్టించుకోవడానికి వెళ్తే వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం, ఆధార్ వెంట ఉంచుకోండి. శస్త్రచికిత్స గాయం పూర్తిగా మానిందో లేదో ముందే వైద్యుడికి చూపించండి. అమర్చాక అక్కడే కాసేపు నడవండి, ఎక్కడ నొక్కుతున్నా మొహమాటపడకుండా చెప్పండి. ఉచితమని నోరు మూసుకోవద్దు. వదులైతే ఎక్కడికి రావాలో, ఎవరికి ఫోను చేయాలో కాగితం మీద రాయించుకున్నాకే ఇంటికి బయలుదేరండి.