మీటియర్, అస్త్ర: వాయుసేన డబ్బు దేని మీద పెట్టాలి?

2019 ఫిబ్రవరిలో పాకిస్థాన్ విమానాలు మన సుఖోయ్‌ల మీదికి దూరం నుంచే ఆమ్రామ్ క్షిపణులు వదిలాయి. ఆ క్షిపణి ముక్కను మన అధికారులు విలేకరులకు చూపించిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కంటికి కనిపించనంత దూరంలోని శత్రువును కొట్టే క్షిపణి ఎంత అవసరమో అప్పుడు అందరికీ అర్థమైంది. అలాంటి క్షిపణుల్లో మన అస్త్ర మీద ఎక్కువ డబ్బు పెట్టాలా, ఐరోపా మీటియర్ మీదా అన్నదే ప్రశ్న.

ఇలాంటి క్షిపణి మాట రాగానే ‘ఎంత దూరం పోతుంది?’ అని అడుగుతాం. ఆ ఒక్క అంకెతో తేల్చేస్తే పొరపాటే. డీఆర్‌డీవో అస్త్ర మార్క్-1 పరిధి వంద కిలోమీటర్ల పైచిలుకు. కానీ అది బాగా ఎత్తులో, ఎదురొచ్చే విమానం మీద వదిలినప్పటి లెక్క. దాని మోటారులోని ఘన ఇంధనం కొద్ది సెకన్లలోనే మండిపోతుంది. ఆపైన మిగిలిన ఊపుతోనే సాగాలి. శత్రు పైలట్ వెనక్కి తిరిగి పారిపోతే ఆ ఊపు చాలకపోవచ్చు. ఐరోపా సంస్థ ఎంబీడీఏ మీటియర్‌కు ఆ ఇబ్బంది తక్కువ. దాని రామ్‌జెట్ ఇంజిన్ గాలి పీల్చుకుంటూ, ఇంధనాన్ని అవసరాన్ని బట్టి వాడుకుంటుంది. చివర్లో కూడా తరిమే సత్తా ఉంటుంది. ఇక్కడ మీటియర్‌దే పైచేయి, సందేహం లేదు.

అయితే మన వాయుసేనలో మీటియర్‌ను మోసేది రఫేల్ ఒక్కటే. 2016 ఒప్పందంలో కొన్నవి 36. సుఖోయ్-30లు 250కి పైగా ఉన్నాయి, అస్త్ర వాటి మీద సిద్ధంగా ఉంది. 2023 ఆగస్టులో తేజస్ నుంచి కూడా పరీక్షించారు. బయటి క్షిపణిని మన విమానానికి అమర్చాలంటే రాడార్, సాఫ్ట్‌వేర్ కలవాలి, తయారీదారు ఒప్పుకోవాలి. అస్త్రతో ఆ టెన్షన్ లేదు.

2022 మేలో రక్షణ శాఖ అస్త్ర కోసం ప్రభుత్వ రంగ సంస్థ భారత్ డైనమిక్స్ (బీడీఎల్)తో 2,971 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. యుద్ధం సాగేకొద్దీ క్షిపణుల నిల్వలు ఎలా కరిగిపోతాయో ఉక్రెయిన్‌లో చూశాం. అలాంటప్పుడు విదేశీ కంపెనీ దగ్గర మన వంతు కోసం ఎదురుచూడటం కన్నా ఇక్కడ ఇంకో షిఫ్టు నడుపుకోవడం ఎంతో నయం. క్షిపణికి కన్ను లాంటి సీకర్‌ను కూడా ఇక్కడే తయారుచేసి, 2025 జులైలో ఒడిశా తీరంలో సుఖోయ్ నుంచి ప్రయోగించి చూశారు.

అందుకే పెద్ద వాటా అస్త్రకే ఇవ్వాలంటాను. దాంతోపాటు డీఆర్‌డీవో చాందీపూర్‌లో పరీక్షిస్తున్న రామ్‌జెట్‌కు నిధులు ఆగకూడదు. అది చేతికి వచ్చేదాకా రఫేళ్లకు మీటియర్ నిల్వలు తగ్గనివ్వకూడదు.