నాలుగేళ్లు కాఫ్కా వాడాక

మా కంపెనీలో ఆర్డర్ల పనికి కాఫ్కా (ప్రోగ్రాంల మధ్య మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్) పెట్టి నాలుగేళ్లు దాటింది. ఆర్డర్ పడగానే ఒక మెసేజ్ కాఫ్కాలోని టాపిక్‌లోకి, అంటే ఒక రకం మెసేజ్‌లు చేరే చోటికి, వెళ్తుంది. ఎస్ఎంఎస్ పంపే ప్రోగ్రాం, స్టాక్ తగ్గించే ప్రోగ్రాం, బిల్లు చేసే ప్రోగ్రాం దేనికది దాన్ని చదువుకుంటాయి. ఒకటి పడిపోయినా మిగతావి ఆగవు. లేచాక అది ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. చదివినంత మాత్రాన మెసేజ్ పోదు, మామూలు సెట్టింగ్‌లో 7 రోజులు ఉంటుంది. ఈ ఒక్క సుఖానికే దీనికి నా ఓటు.

మొదటి ఏడాది పండగ సేల్ రాత్రి మాత్రం చుక్కలు కనిపించాయి. ఒకే ఎస్ఎంఎస్ కస్టమర్లకు మూడేసిసార్లు వెళ్లింది. తెల్లారేదాకా కాఫ్కాను తిట్టుకున్నాం, తీరా చూస్తే తప్పు మాదే. కన్స్యూమర్ (మెసేజ్‌లు చదివే ప్రోగ్రాం) ఒకసారి అడిగితే మామూలు సెట్టింగ్‌లో 500 మెసేజ్‌ల దాకా వస్తాయి. మళ్లీ అడగడానికి గడువు 5 నిమిషాలు. ఆ రాత్రి ఎస్ఎంఎస్‌లను బయటికి పంపే గేట్‌వే నెమ్మదించి ఒక్కో ఎస్ఎంఎస్‌కు సెకను పట్టింది. 500 సెకన్లంటే ఎనిమిది నిమిషాల పైమాటే! గడువు దాటేసరికి ఈ కన్స్యూమర్ పోయిందనుకుని దాని వాటా పక్క కన్స్యూమర్‌కు వెళ్లింది. బ్యాచ్ మొత్తం అయ్యాకే ఆఫ్‌సెట్ కమిట్ చేసేలా (ఎక్కడిదాకా చదివామో కాఫ్కాకు చెప్పేలా) రాశాం కాబట్టి ఆ పక్కది మళ్లీ మొదటి నుంచి పంపింది. దానికీ అదే గతి.

బ్యాచ్‌ను 50కి తగ్గించాం. అయితే అసలు మందు అది కాదు. ఆర్డర్ నంబర్, మెసేజ్ రకం కలిపి డేటాబేస్‌లో యూనిక్ కీ (ఒకటే రెండోసారి రాయనివ్వని గుర్తు) పెట్టి, పంపేముందు చూసుకుంటున్నాం. పంపాక, రాసుకునేలోపు ప్రోగ్రాం పడిపోతే ఒకటి మళ్లీ వెళ్లొచ్చు. ఆ మాత్రం భరిస్తాం.

ఇంకో దెబ్బ పార్టిషన్లతో తగిలింది. టాపిక్‌ను విడగొట్టిన ముక్కలే పార్టిషన్లు. వరుస తప్పకుండా ఉండేది ఒక పార్టిషన్ లోపలే. ఆర్డర్ నంబర్‌నే కీగా (ఏ పార్టిషన్‌లో పడాలో తేల్చే గుర్తుగా) ఇచ్చి నిశ్చింతగా ఉన్నాం. రద్దీ పెరిగిందని 6 పార్టిషన్లను 12 చేశాం. దాంతో ఏ కీ ఎక్కడ పడాలన్న లెక్క మారిపోయింది. కొన్ని ఆర్డర్ల కొత్త మెసేజ్‌లు వేరే పార్టిషన్‌లో పడి, ఆర్డర్ కన్నా ముందే దాని రద్దు వచ్చేసింది. పార్టిషన్లను తర్వాత తగ్గించే వీలూ లేదు, అందుకే ఇప్పుడు మొదట్లోనే కాస్త ఎక్కువ పెడుతున్నాం.

2025లో వచ్చిన కాఫ్కా 4.0తో, దాని పక్కన విడిగా నడపాల్సి వచ్చిన జూకీపర్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా పోయింది, ఆ పీడ వదిలింది.

పక్క టీమ్‌వాళ్లు రోజుకు రెండు మూడు వేల మెసేజ్‌లకు కాఫ్కా కావాలని వచ్చారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్ పెట్టుకోండి చాలన్నాను. రెండేళ్లయింది, ఇంకా దాంతోనే నడిపిస్తున్నారు.