భీమిలా, వన్‌టౌనా?

వైజాగ్ చరిత్ర చూపించమని చుట్టాలు అడిగితే, ఒక్క పూటే టైం ఉంటే, పక్కనున్న తీరపు ఊరు భీమిలికి తీసుకెళ్లాలా, హార్బర్ పక్కనున్న పాత వైజాగ్ వన్‌టౌన్‌కా అని నాకు ప్రతిసారీ ఇదే టెన్షన్.

భీమిలి పాతది, నెమ్మదైనది. 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్లు అక్కడ వ్యాపారం పెట్టారు. 1825లో ఇంగ్లిషువాళ్ల చేతికొచ్చింది. 1861లోనే మున్సిపాలిటీ అయింది. డచ్చి సమాధుల మీద అక్షరాలను వేలితో తడిమి చూడండి. ఉప్పుగాలికి అరిగి, కొన్ని గీతలే మిగిలాయి. నాకైతే అక్కడ గంటసేపు కదలబుద్ధి కాదు. కానీ అక్కడ ఓడలు ఒడ్డుకు దూరంగానే ఆగేవి, సరుకంతా పడవల్లో మోయాల్సిందే. పైగా మెయిన్ రైలు లైను ఆ ఊరిని తాకనేలేదు.

వన్‌టౌన్‌కు మాత్రం సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ అలల నుంచి ఓడలకు అండగా నిలిచింది. 1931లో రాయ్‌పూర్ నుంచి విజయనగరం దాకా రైలు మార్గం పూర్తయింది, 1933లో హార్బర్ తెరిచారు. ఆ లైను మీదుగా మధ్య భారతం మాంగనీసు ఖనిజం ఇక్కడికే రావడం మొదలైంది.

పాత పోస్టాఫీసు దగ్గర దిగి, రాస్ కొండ మీది చర్చి దాకా ఎక్కండి. ఒకవైపు పెంకుటిళ్లు, ఇంకోవైపు క్రేన్లు. మనసుకు భీమిలే దగ్గర, అయినా చుట్టాలను ముందు ఈ కొండే ఎక్కిస్తాను.