చిన్నపిల్లల హాజరు: తల్లి ఖాతాలో డబ్బు మేలా, బడిలో అన్నం మేలా?

తొమ్మిదో తరగతి కుర్రాడు బడి మానేయడం వేరు, రెండో తరగతి పిల్ల మానేయడం వేరు. పద్నాలుగేళ్లవాడు మిరపకోతకు వెళ్తే ఎంతోకొంత కూలి వస్తుంది. ఆ కూలికి పోటీగా ప్రభుత్వం డబ్బిస్తే ఇంట్లో లెక్క మారే అవకాశం ఉంది. ఏడేళ్ల పిల్లకు కూలి ఎవరిస్తారు? ఆ పిల్ల బడికి రాని రోజున కారణాలు చాలా చిన్నవిగా ఉంటాయి. అమ్మ తెల్లారకుండానే పనికి పోయింది, జడ వేసేవాళ్లు లేరు, తమ్ముణ్ని చూసుకోవాలి, రాత్రి జ్వరం కాసింది, పొద్దున ఏమీ తినలేదు. అందుకే ఇక్కడ ఒకటి నుంచి ఐదు తరగతుల సంగతే చూస్తున్నాను. అదీ బడిలో పేరు రాయించడం గురించి కాదు, పిల్ల రోజూ వచ్చి కూర్చోవడం గురించి.

ముందు డబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో, పిల్లల్ని బడికి పంపే తల్లి ఖాతాలో డబ్బు వేసే అమ్మఒడి పథకం మొదలైంది. ఏడాదికి 15,000 రూపాయలు, పిల్లలు ఎంతమంది ఉన్నా ఇంటికి ఆ ఒక్క మొత్తమే. 2025 జూన్‌లో దాని స్థానంలో తల్లికి వందనం వచ్చింది. ఇందులో ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ ఇస్తారు. ఒక్కొక్కరికి 15,000లో బడి నిర్వహణ కింద 2,000 పట్టుకుని 13,000 ఖాతాలో వేస్తారు. మొదటి విడతలో ప్రభుత్వం చెప్పిన లెక్క 67.27 లక్షల మంది విద్యార్థులు, 8,745 కోట్ల రూపాయలు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా, సర్కారు బడైనా ప్రైవేటు బడైనా ఇస్తారు. షరతు 75 శాతం హాజరు.

ఈ డబ్బు వృథా అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. జూన్‌లో పుస్తకాలు, బూట్లు, ఆటో ఫీజు అన్నీ ఒక్కసారి మీద పడే ఇంటికి 13,000 అంటే అప్పు చేయక్కర్లేదని అర్థం. అదీ తల్లి చేతికొస్తుంది. కానీ మనం అడిగిన ప్రశ్న హాజరు గురించి. జూన్‌లో వచ్చిన డబ్బు నవంబరులో ఒక మంగళవారం పొద్దున ఆ పిల్లను నిద్ర లేపదు. ఇక షరతు ఉండేది రిజిస్టరులో. ఏడాది చివర 72 శాతం దగ్గర ఆగిపోయిన పిల్ల తల్లి వచ్చి ‘సార్, ఆ నాలుగు రోజులు వేసేయండి, మా డబ్బులు పోతాయి’ అంటే పంతులుగారు ఏం చేస్తారు? ఆయన కఠినంగా ఉంటే పేదింటికి నష్టం, మెత్తబడితే షరతుకు విలువ లేదు. ఈ టెన్షన్ ఆయన మీద పెట్టడమే సరికాదు.

ఇప్పుడు అన్నం. దీని గురించి చెప్పేటప్పుడు మనవాళ్లు తరచు మర్చిపోయే సంగతి ఒకటుంది. 1995 ఆగస్టు 15న కేంద్రం మధ్యాహ్న భోజన పథకం మొదలుపెట్టినప్పుడు చాలా రాష్ట్రాల్లో వండి పెట్టలేదు. 80 శాతం హాజరు ఉంటే నెలకు మూడు కిలోల బియ్యమో గోధుమలో ఇంటికిచ్చి పంపేవారు. అంటే అప్పట్లో అదీ ఇంటికి చేరే సాయమే, దానికీ హాజరు షరతే. ఆచరణలో షరతు చూసినవాళ్లు తక్కువ, పేరుంటే బియ్యం అందేది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి వండి పెట్టడం మొదలైంది. మధ్యప్రదేశ్‌లో ఈ మార్పును పరిశీలించిన ఆర్థికవేత్త ఫర్జానా అఫ్రిది, కింది తరగతుల ఆడపిల్లల హాజరు 12 శాతం పాయింట్లకు పైగా పెరిగిందని తేల్చారు. గింజలు ప్రభుత్వానివే, పిల్లలూ ఆ ఇళ్ల పిల్లలే. ఇంటికి పంపడం మాని బడిలో, ఆ రోజు వచ్చినవాళ్లకు పెట్టారు, అంతే. ఈ రెండు దారుల్ని పక్కపక్కన పెట్టి చూడ్డానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఖర్చు కూడా చూద్దాం. 2025 మేలో కేంద్రం సవరించిన లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల్లో పిల్లకు రోజుకు పప్పు, కూరగాయలు, నూనె, గ్యాసు వగైరాలకు 6 రూపాయల 78 పైసలు. 220 రోజులకు 1,500 అనుకోండి. బియ్యం, రాష్ట్రం ఇచ్చే గుడ్లు, చిక్కీ, వంటవాళ్లకు నెలకిచ్చే 3,000లో ఒక్కో పిల్ల మీద పడే వాటా కలిపి ఎంత ధారాళంగా వేసుకున్నా, నా అంచనాలో ఏడాదికి 5,000 దాటదు. అటు చూస్తే 13,000.

అలాగని అన్నం పథకాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. బిల్లులు నెలల తరబడి ఆగితే వంట చేసే ఆవిడ కిరాణా కొట్టులో అరువు పెట్టి సరుకు తేవాలి. ఆ అరువు పెరిగేకొద్దీ పప్పు పలచబడుతుంది. చారు నీళ్లలా ఉంటే కాస్త కలిగినవాళ్ల పిల్లలు బాక్సు తెచ్చుకుంటారు, మిగతావాళ్లు సగం పారేస్తారు. శుభ్రత, భద్రత మాట చెప్పనే అక్కర్లేదు. 2013 జులైలో బిహార్‌లోని గండామన్‌లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. డబ్బు పథకంలో ఇలాంటి ప్రమాదం లేదు. బటన్ నొక్కితే పడిపోతుంది. ప్రభుత్వాలకు అది నచ్చడానికి అదీ ఒక కారణం.

పొద్దుటి పూట సంగతి వేరే చెప్పాలి. కూలి ఇళ్లలో ఏడింటికే పెద్దవాళ్లు వెళ్లిపోతారు. చద్దన్నం ఉంటే ఉన్నట్టు, లేకపోతే మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. తమిళనాడు 2022 సెప్టెంబరులో ఒకటి నుంచి ఐదు తరగతులకు పొద్దుటి టిఫిన్ మొదలుపెట్టింది. తొలి విడతలో 1,543 బడులు చూస్తే 1,319 బడుల్లో హాజరు పెరిగిందని ఆ రాష్ట్ర ప్రణాళికా సంఘం చెప్పింది. కోవిడ్ తర్వాతి ఏడాది కాబట్టి ఆ పెరుగుదలంతా ఇడ్లీ, ఉప్మా వల్లేనని నేననను. అయినా ఏడాదిలోనే రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నింటికీ విస్తరించారు. తెలంగాణ కూడా 2023 అక్టోబరులో అల్పాహారం ప్రారంభించింది, వెంటనే ఎన్నికలు రావడంతో అది ఊపందుకోలేదు.

డబ్బు తరఫున గట్టి సాక్ష్యం మొరాకో నుంచి ఉంది. అక్కడ తైసీర్ అనే పథకంలో చిన్న మొత్తాలు ‘ఇది పిల్లల చదువు డబ్బు’ అని చెప్పి విడతలుగా ఇచ్చారు. బడి మానేసేవాళ్లు బాగా తగ్గారు. హాజరు షరతు పెట్టడం వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదని కూడా ఆ పథకం మీద జరిగిన అధ్యయనంలో తేలింది. మన దగ్గర డబ్బు ఇవ్వదలుచుకుంటే దీన్నుంచి తీసుకోవాల్సింది ఉంది. ఆ 13,000ను మూడు టర్ములకు మూడు ముక్కలు చేయవచ్చు. పంతులుగారి మెడ మీద పెట్టిన 75 శాతం కత్తి తీసేయవచ్చు.

కొన్నిచోట్ల రెండూ పనిచేయవు. కర్నూలు జిల్లా కోసిగి, హొళగుంద వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాల్ని చూడండి. ఇంట్లో అవ్వ ఉంటే పిల్ల ఊళ్లో ఉంటుంది, లేకపోతే తల్లిదండ్రులతో వెళ్లి కల్లం దగ్గర ఉంటుంది. ఖాతాలో డబ్బున్నా, ఊరి బడిలో గుడ్డు ఉడుకుతున్నా ఆ పిల్లకు దక్కేదేమీ లేదు. అక్కడ కావలసింది వలస కాలానికి హాస్టలు, రాత్రి చూసుకునే మనిషి. సీజనల్ హాస్టళ్లనే పేరుతో ఈ ఏర్పాటు ఇప్పటికే ఉంది. తల్లిదండ్రులు మూటాముల్లె సర్దుకునే ముందే దాన్ని తెరవాలి. వాళ్లు బండెక్కాక తెరిచి లాభం లేదు.

నా ఓటు అడిగితే ఐదో తరగతి లోపు పిల్లలకు అన్నానికే. వలస మండలాల్లో హాస్టలుకు. నగదు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ఎక్కువ పనిచేస్తుంది, అక్కడ దాన్ని పెంచినా నాకు అభ్యంతరం లేదు. చిన్న తరగతుల మీద అదనంగా ఒక్క రూపాయి పెట్టే వీలుంటే ముందు వంటవాళ్ల బిల్లు ఏ నెలది ఆ నెల చెల్లించాలి, ఆ తర్వాత పొద్దుటి టిఫిన్.