దెయ్యం కథ: ఒక్క గొంతులో వినాలా, నాటకంగానా?

పాత బంగళా, తాళం వేసిన గది, అర్ధరాత్రి మేడమీద అడుగులు. ఇలాంటి కథలు ఆడియోలో వినాలనుకునేవాళ్లు పదేపదే అడిగేది ఒకటే: ఒకరే మొదటి నుంచి చివరిదాకా చదివింది మేలా, పాత్రకో గొంతు పెట్టి శబ్దాలు చేర్చిన నాటకం మేలా?

నాటకం మనకు కొత్తేం కాదు. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం రేడియో నాటకాలకు పెట్టింది పేరు. పాత్రలు ఎక్కువున్న కథలో ఎవరు మాట్లాడుతున్నారన్న తికమక నాటకంలో ఉండదు. 'డ్రాక్యులా' (1897) నవల దాదాపు అంతా డైరీలూ ఉత్తరాలే కాబట్టి, రాసినవాళ్లకు తలా ఒక గొంతు పెడితే చక్కగా అతుకుతుంది.

అయినా నా ఓటు ఒక్క గొంతుకే. కనిపించింది దెయ్యమా, చూసిన మనిషి మనసు చేసిన మాయా అన్నది తేలనంతసేపే ఈ కథలకు ప్రాణం. హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' (1898)లో దెయ్యాల నోటి మాట ఒక్కటీ మనకు వినపడదు. వాటిని చూశానని చెప్పేది పిల్లల ఆలనాపాలనా చూసే గవర్నెస్ ఒక్కతే. అదే కథ 1954లో ఒపేరాగా వచ్చినప్పుడు దెయ్యాలు గొంతెత్తి పాడాయి. గొంతు వినపడ్డాక ఇక అనుమానానికి చోటెక్కడ? అడుగుల చప్పుడూ అంతే. స్టూడియోలో చేసి వినిపిస్తే దానికి మీరే సాక్షి. చదివే మనిషి "ఎవరో నడిచినట్టయింది" అంటే మాత్రం నమ్మాలో వద్దో మీ ఇష్టం.

ప్రయాణంలోనూ ఒక్క గొంతే నయం. గుంటూరు నుంచి విజయవాడ వచ్చే రైలు కృష్ణ వంతెన ఎక్కగానే నాటకంలోని గుసగుసలు మునిగిపోతాయి. సౌండ్ పెంచుతారు, మరుక్షణం కేక వచ్చి చెవులు గింగురుమంటాయి. చదివేవాళ్ల గొంతు అంతగా ఎగిరిపడదు. నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌ఫోన్స్ రైలు హోరును బాగానే తగ్గిస్తాయి కానీ, పక్క సీటు కబుర్లను అంతగా ఆపలేవు.

యాప్‌లో నిశ్శబ్దాన్ని కత్తిరించే 'స్కిప్ సైలెన్స్' ఆన్‌లో ఉంటే తప్పక ఆపేయండి. తలుపు తెరవబోయే ముందు చదివేవాళ్లు ఆగే ఆ రెండు క్షణాలనే అది మింగేస్తుంది. స్పీడు కూడా 1 దాటనివ్వద్దు. చదివేవాళ్లను ఎంచుకునేటప్పుడు మొదటి పేజీ కాకుండా మధ్యలో సంభాషణలున్న చోట ఐదు నిమిషాలు వినండి. ముసలామె మాట రాగానే గొంతు వణికించి అతి చేస్తుంటే, అలాంటివాళ్లతో పది గంటలు గడపలేరు.

నాటకమే కావాలంటే రెండు చెవులకూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఒక్కటే పెట్టుకుంటే కుడివైపు తలుపో ఎడమవైపు అడుగులో పోతాయి. ఒక చెవితోనే వినక తప్పకపోతే ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో 'మోనో ఆడియో' ఆన్ చేయండి. ఒక్క గొంతుకు 64 కేబీపీఎస్ (సెకనుకు ఎంత డేటా అన్న లెక్క, పెరిగితే శబ్దం స్పష్టం) ఎంపీ3 చాలు, గంటకు సుమారు 29 ఎంబీ. నాటకానికి 128 తీసుకోండి, గంటకు 58 ఎంబీ అవుతుంది. అంతకంటే తగ్గితే వాన, గాలి చప్పుళ్లు నీళ్లు పుక్కిలించినట్టు వినిపిస్తాయి.

వెనక సంగీతం పెట్టి చదివే వీడియో కథల్లో భయపడాల్సిన చోటును సంగీతమే ముందుగా చెప్పేస్తుంది. ఫోన్ యంత్రగొంతుతో చదివించుకోవడం వార్తలకు సరే, ఈ కథలకు వద్దు.