కొత్త సిస్టం కొన్నారా? "ఫార్మాట్ కొడితే పోతుంది" అంటే నమ్మకండి

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసుకునే తమ్ముళ్లకు, విడి పార్టులతో కట్టించే అసెంబుల్డ్ సిస్టం కొనబోతున్న వాళ్లందరికీ చెబుతున్నా. నాకు జరిగింది మీకు జరగకూడదు.

నాది సిద్దిపేట. శ్రావణం ముహూర్తాలకు ముందే పని అందుకోవాలని సికింద్రాబాద్‌లో ఒక షాపులో 71,000 పెట్టి సిస్టం కట్టించుకున్నా. 32 జీబీ ర్యామ్, ఫైళ్లు దాచుకోవడానికి 1 టీబీ ఎస్ఎస్‌డీ. వారం బాగానే నడిచింది. తర్వాత ఫొటోషాప్‌లో షీట్లు సేవ్ చేస్తుంటే నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవడం మొదలైంది. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్ అని, ఇంకోరోజు పేజ్ ఫాల్ట్ అని, మరోరోజు ఇంకేదో.

ఫోన్ చేస్తే "వైరస్ అన్నా, ఫార్మాట్ కొడితే పోతుంది" అన్నాడు షాపతను. సీపీయూ ఒళ్లో పెట్టుకుని సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్ దాకా బస్సులో పోయా. ఫార్మాట్‌కు 500. నాలుగు రోజులకు మళ్లీ అదే కథ. ఈసారి విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచి "కెర్నల్-పవర్ 41" అన్న ఎంట్రీ చూపించాడు. "మీ ఊళ్లో కరెంటు బాలేదన్నా" అని 3,200కు యూపీఎస్ అంటగట్టాడు. ఆ 41కి అర్థం సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని, అంతే. కరెంటు పోయినా అదే వస్తుంది, నీలం స్క్రీన్ వచ్చినా అదే వస్తుంది. అది చూపించి ఎవరేం అమ్మినా కొనకండి. మూడోసారి పోతే మళ్లీ ఫార్మాట్, మళ్లీ 500.

సర్వీస్ పని తెలిసిన మా బావమరిది విని, "రోజుకో రకం ఎర్రర్ వస్తోందంటే ముందు ర్యామ్ చూడు బావా" అన్నాడు. ర్యామ్‌ను పరీక్షించడానికి మెమ్‌టెస్ట్86 అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి దాంతోనే సిస్టం ఆన్ చేయాలి, విండోస్‌తో పనిలేదు. రాత్రంతా నడుపుదామని పెట్టాం. పదకొండు నిమిషాలకే ఎర్రర్లు ఎర్ర లైన్లలో వరస కట్టాయి. విండోస్ కన్నా ముందు వచ్చే బయాస్ సెట్టింగుల్లో, ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్ఎంపీని ఆపేసి మామూలు స్పీడులో పెట్టినా అంతే. రెండు ర్యామ్ స్టిక్కులూ విడివిడిగా, స్లాట్ మార్చి మార్చి చూశాం. ఏ స్లాట్‌లో పెట్టినా ఒక స్టిక్‌కే ఎర్రర్లు. అంటే మదర్‌బోర్డు తప్పు కాదు, ఆ స్టిక్కే పాడు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్‌ను నమ్మకూడదు.

ఆ స్టిక్‌ను వెలుతురులో పట్టుకుని చూస్తే కడుపు మండిపోయింది. స్టిక్కర్ కింద ఇంకో స్టిక్కర్ అంచు కనబడుతోంది. బంగారు రంగు పిన్నుల మీద చాలాసార్లు పెట్టి తీసిన గీతలు. అనుమానం వచ్చి ఎస్ఎస్‌డీని క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూశాం. పవర్ ఆన్ అవర్స్, అంటే అది ఇప్పటిదాకా నడిచిన గంటలు, 9,416. ఏడాదికి గంటలు 8,760. నేను కొన్నది ఇరవై రోజుల కింద. ఆ లెక్క ఫార్మాట్ కొట్టినా చెరిగిపోదు.

డబ్బు సంగతి ఒక ఎత్తు, ఇది ఇంకో ఎత్తు. పాడు ర్యామ్ ఉన్న సిస్టంలో ఫైళ్లు కాపీ చేస్తే చెప్పాపెట్టకుండా చెడిపోవచ్చు. ఒక పెళ్లి ఫొటోలు అలాగే కాపీ చేసుకున్నా. పేర్లు సరిగ్గా ఉన్నాయి, సైజులు సరిగ్గా ఉన్నాయి. కెమెరా మెమరీ కార్డులు ఫొటోగ్రాఫర్‌కు ఇచ్చేశా, అతను తర్వాతి పెళ్లికి వాటిని ఫార్మాట్ చేసుకున్నాడు. ఆల్బమ్‌కు కూర్చుని తెరిస్తే, జీలకర్ర బెల్లం పెడుతున్న చేయి దాకా బాగుంది, అక్కడి నుంచి కిందంతా బూడిదరంగు. అలా 38 ఫొటోలు. ఆ అమ్మాయి వాళ్ల నాన్నకు ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇప్పుడు రెండు చోట్ల కాపీ చేసి, ఫొటోలు తెరిచి చూసుకున్నాకే కార్డు ఇస్తున్నా.

షాపుకు పోతే "బిల్లు మీద రిటర్న్ లేదని రాసుందిగా" అన్నాడు. బిల్లులో "32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ" అనే ఉంది. కంపెనీ పేరు లేదు, సీరియల్ నంబర్ లేదు. నేను మోసపోయింది అక్కడే. మీరు ప్రతి పార్ట్ బాక్సు మీ కళ్ల ముందే విప్పించండి. మోడల్, సీరియల్ నంబర్ బిల్లులో రాయించండి. మిగతా డబ్బు ఇచ్చేముందు ఆ పవర్ ఆన్ అవర్స్ అక్కడే చూడండి, రెండు నిమిషాల పని. ఏదన్నా తేడా వస్తే మాత్రం రోజులు లెక్కపెట్టుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోననడం అక్రమ వ్యాపార పద్ధతి. ఫార్మాట్లు కొట్టుకుంటూ పోతే ఆ రోజులన్నీ కరిగిపోతాయి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించా. ఆ తర్వాతే ర్యామ్ మార్చాడు, సీలున్న బాక్సులోంచి తీసి. రాత్రంతా టెస్ట్ పెట్టా, ఒక్క ఎర్రర్ లేదు. ఎస్ఎస్‌డీ, యూపీఎస్ డబ్బులు ఇంకా రాలేదు, వాటి కోసం వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నా.